సత్తయ్య ఏరే సీతాఫలాలు

1968 సెప్టెంబర్ 14
యూనివర్సిటీ. కోతుల ల్యాబ్. మెదడులో, చెవికి లోపలి వైపున, బాదం గింజంత భాగం... అమిగ్డలా అంటారట. రెండు వైపులా ఉంటుంది. ఆ రెండూ తీసేసిన కోతి నా వేలు పట్టుకుని కూర్చుంది. అంతకుముందు ఇదే ఒకరి చెయ్యి కరిచిందట. ప్రొఫెసర్: "ఎంత బుద్ధిగా ఉందో చూశారా! మా పిల్లలకన్నా నయమండీ." చూసింది చూసినట్టు మా పేపర్‌కు రాసిచ్చాను.

సెప్టెంబర్ 16
వార్త పడింది. హెడ్డింగ్ డెస్క్ వాళ్లది — కోపం పోయిన కోతి.

సెప్టెంబర్ 17
తార్నాక చౌరస్తాలో పండ్ల ఎల్లమ్మ ఆపింది. "మీ తమ్మునికి జర చెప్పుండ్రి సార్. గంపల పండ్లన్నీ నొక్కి నొక్కి ఏరుతడు. వద్దంటే మీదికొస్తడు." సత్తయ్య పక్కనే ఉన్నాడు, చేతిలో కళ్లు విచ్చిన సీతాఫలం. తొడిమ దగ్గర వేలితో నొక్కి — "గిది ఇప్పుడే తినాలె అన్నా. గిది రేపటికి." వాడు ఏరింది తప్పు పోదని ఎల్లమ్మ కూడా ఒప్పుకుంటుంది.

సెప్టెంబర్ 22
సత్తయ్యకు మళ్లీ ఫిట్స్. ఆ తర్వాత కోపం. ఈసారి అమ్మ మణికట్టు విరిగింది.

సెప్టెంబర్ 23
ఆసుపత్రి. డాక్టర్ నోట అదే బాదం గింజ మాట. ఆపరేషన్ చేసి ముందు ఒక వైపుది తీస్తారట, తగ్గకపోతే రెండో వైపుది. ఆలోచిద్దామన్నాను. అమ్మ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని — "ఇంకేం ఆలోచన? పేపర్ల నువ్వే రాసినవ్ గదరా, కోతి నిమ్మళమైందని. అబద్ధం రాస్తవా నువ్వు?"
రాయను. సంతకం పెట్టాను.

అక్టోబర్ 4
ఒక వైపు అయింది. కళ్లు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు.

అక్టోబర్ 19
ఇంటికి తెచ్చాం. కోపం లేదు. మల్కాజ్‌గిరి నుంచి మేనత్త వచ్చి — "పోరడు బంగారం లెక్కయిండు వదినా!" ఇన్నేళ్లకు అమ్మ కంటినిండా నిద్రపోతోంది. ఇది నిజం. రాసుకోవాలి.
చారులో అమ్మ ఉప్పు మరిచింది. నేను మొదటి ముద్దకే ఆగాను. వాడు ఆగలేదు.

అక్టోబర్ 23
వాణ్ణి చౌరస్తాకి తీసుకెళ్లాను. ఎల్లమ్మ గంప ముందుకు జరిపింది. "రా కొడుకా, నొక్కు. ఇయ్యాల ఏమనను." నొక్కలేదు. పైనున్నది తీసుకుని కొరికాడు. పచ్చిది, రాయిలా ఉంది. మొహం చిట్లించి ఉమ్మేశాడు... మళ్లీ అలాంటిదే తీసుకున్నాడు.
"ఏం చేసిండ్రు సార్ వీన్ని?"

అక్టోబర్ 24
మళ్లీ ల్యాబ్. మొదటిసారి అడగని ప్రశ్న అడిగాను — కోతి తిండి సంగతేమిటి? ప్రొఫెసర్ రెండు గిన్నెలు పెట్టాడు. ఎర్రదాంట్లో మామూలు వేరుశనగ, నల్లదాంట్లో చేదు మందు పట్టించింది. చేదుది నమిలి ఉమ్మేసింది. చెయ్యి మళ్లీ నల్ల గిన్నెలోకే.
"రుచి తెలుస్తుందండీ. ఏ గిన్నెలో మంచిది ఉందో, అదే మనసులో నిలవదు. ఒక వైపు మిగిలుంటే మెల్లగా కొంత తిరిగి రావచ్చు, దీనికి రెండూ తీసేశాం. మీరు కోపం గురించే అడిగారు కదా."
అవును.

అక్టోబర్ 27
ఫిట్స్ మళ్లీ వచ్చాయి. రెండో వైపు కూడా చేద్దామని, ఎల్లుండి రమ్మని డాక్టర్ కబురు. ల్యాబ్‌లో చూసింది అమ్మకు చెప్పాను. "పండు ఏరకుంటే ఏమైతదిరా? నేను ఏరి పెడ్త."
నీ తర్వాత?... అడగలేదు.

అక్టోబర్ 29
పొద్దున. అరుగు మీద రెండు సీతాఫలాలు. ఒకటి విచ్చింది, ఒకటి పచ్చిది. నేనే పెట్టాను. "ఏది తింటవ్‌రా?"
చెయ్యి పచ్చిదాని మీదికి పోయింది. వెనక్కి వచ్చింది. పండినదాని మీద వాలింది. వేలు తొడిమ దగ్గరికే వెళ్లింది, పాత చోటికే. నొక్కాడు. మళ్లీ పచ్చిదాని వైపు. "అన్నా, గిది..." ఆగిపోయాడు.
బయట రిక్షా గంట. లోపలి నుంచి అమ్మ — "బట్టలు సర్దిన. తీస్కరా వాన్ని."
సత్తయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. చెయ్యి రెండు పండ్ల మధ్య ఉంది.