నిండు నెలలు

శ్రీకాకుళం,
గురువారం.

అమ్మకు యమున నమస్కారాలు.

ఇక్కడ అమ్మమ్మ, అత్తయ్య, మీ అల్లుడు ఈశ్వర్ బాగున్నారు. అంత దూరం వేరావల్ రేవులో నువ్వూ నాన్నా కూడా బాగున్నారని అనుకుంటున్నాను.

ఈ ఉదయం నర్సు నా కాలి మీద వేలితో నొక్కి చూసింది. వేలు తీసినా సొట్ట పోలేదు. అది పూడేదాకా చూస్తూ కూర్చున్నాను. బీపీ దిగడం లేదని ఆసుపత్రిలో చేర్చుకుని వారమైంది. మీ అల్లుడు ఫోన్ చేస్తానంటే నేనే ఆపాను. ఫోన్లో నాకు నోరు పెగలదని నీకు తెలుసు.

కాళ్ల వాపు తగ్గిందా అని ఉత్తరంలో అడిగావు. తగ్గలేదు. ఎండుచేప మానేశావా అని అడిగావు. ఉప్పు తగిలినదేదీ పెట్టడం లేదు. నా పుట్టుక సంగతి అత్తయ్య చెవిన పడలేదు కదా అని కూడా అడిగావు. పడింది.

ఆదివారం అమ్మమ్మ కళింగపట్నం నుంచి వచ్చింది. వార్డు గుమ్మంలోంచే "ఓలే తవిటీ!" అని కేకేసింది. బతకదనుకున్న పిల్లని తవుడికి అమ్మి మళ్లీ కొనుక్కుంటేనే ఆ పేరుతో పిలుస్తారని అత్తయ్యకి తెలియదా?

"ఏటి పిన్నీ, దీన్ని తవుడికి అమ్మీసినారా?" అంది.

"అమ్మకేటి సేస్తాం? ఏడో నెల్లో పుట్టీసింది. పిల్లికూనంత ఉండీది. సేటెడు తవుడికి పక్కింటోలికి ఇచ్చీసి, సాయంత్రం మళ్లా కొనుక్కున్నాం" అంది అమ్మమ్మ.

అత్తయ్య నాకేసి తిరిగింది. "మూడో నెల్లో డాక్టరమ్మ అడిగితే, నిండు నెలలకి పుట్టినాను, మూడు కిలోలని నా ఎదరే సెప్పినావు కదే! ఏడో నెల పిల్లవంటే నేనేటి, ఎనక్కి పంపీసీదాన్నా?"

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మకి నిజం చెప్పాను. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన ఆడవాళ్లకి కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చే అవకాశం కాస్త ఎక్కువట. "నీకు దానివల్లే వచ్చిందని చెప్పలేను, కానీ తెలిసి ఉంటే మొదటినుంచీ ఇంకా దగ్గరగా చూసేవాళ్లం" అంది. కాగితం మీద 'నిండు నెలలు' అన్నది కొట్టేసి, పక్కన 'ఏడో నెల' అని రాసుకుంది.

పెళ్లికి ముందు అలా చెప్పమని నేర్పావని నిన్ను నువ్వు తిట్టుకుంటావు. తిట్టుకోకు. డాక్టరమ్మ ఎందుకు అడుగుతోందో ఆ రోజే నాకు తెలుసు. పుస్తకంలో చదివే వెళ్లాను. అత్తయ్యని కాసేపు బయట కూర్చోమంటే సరిపోయేది. ఆ మాట అనలేక, కాన్వెంట్‌లో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పేశాను.

ఏడుపు రావడం లేదు. జావ తెస్తే తాగుతున్నాను.

సోమవారం సాయంత్రం ఆపరేషన్ చేశారు. పాప. అద్దాల పెట్టెలో ఉంచారు. తొమ్మిది వందల యాభై గ్రాములు.

ఇట్లు,
నీ కూతురు
యమున