ఐదో తరగతి పెట్టె

అక్కా,

నువ్వు టీచరువి కాబట్టి అడుగుతున్నాను, తిట్టకుండా చదువు. చిన్నదాన్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నానని చెప్పాను కదా. ఏ పుస్తకాలు మంచివో తెలియక మూడు రకాలు చూశాను. మొదటివి చూసి ఆవలించింది. రెండోవాటి మీద పాలగ్లాసు పెట్టింది. మూడోవి పంపేవాళ్ళు పిల్లకి ఎంతవరకు వచ్చో తెలుసుకోవడానికి ముందు ఒక పరీక్ష పెట్టారు. అది పెన్సిలు కొరుకుతూ కూర్చుంటే నా నోరు ఊరుకోలేదు. పక్కనే కూర్చుని ఒక్కో జవాబూ అందించాను. ఎనిమిదేళ్ళ పిల్లకి ఐదో తరగతి పుస్తకాలు దిగాయి. మీ మరిదిగారు ఊరంతా ఫోన్లు చేసి మురిసిపోయారు. నిజం చెబుదామంటే అదే నోరు పెగల్లేదు.

పొద్దున పెట్టె విప్పి దాని ముందు పెడితే మెల్లగా నావైపు తోసింది.

"పరీక్ష నీదే కదమ్మా. ఇవి నీ పుస్తకాలు, నువ్వే చదువుకో" అంది. కోపంగా కూడా అనలేదు.

వెనక్కి పంపాలంటే ఆయనకి చెప్పాలి. ఉంచుకుంటే దానికి రావు. ఏం చెయ్యనక్కా? ఒక్కసారి రా. వచ్చేముందు భిన్నాల కూడికలు చూసుకుని రా. రెండో పాఠం దగ్గరే ఆగిపోయాను.

నీ చెల్లి