యాడి ఆపిన రైలు

మానుకోట

బాపుకు ప్రేమ్‌సింగ్ దండాలు. మేమడిగినవి ఒప్పుకోవడంతో రైల్వే సమ్మె రద్దయింది. నా గ్యాంగ్‌మన్ కొలువుకు ఢోకా లేదు, రంది పడకు.

సమ్మెలో కొడుకులు పస్తులుంటారని యాడి, తండా ఆడవాళ్లు జొన్నరొట్టెలు మోసుకొచ్చారు కదా. వాళ్లు చేరేసరికే సమ్మె లేదని కబురొచ్చింది. స్టేషన్ దగ్గర జనమంతా జై తెలంగాణ అన్నారు. ఈ ఏడాది ఏ సంతోషానికైనా అదే కేక. మన ఆడవాళ్లు పట్టాల పక్కన ఆడిపాడుతూ, వచ్చే రైలుకు తలమీది ఎర్ర పైటలు తీసి ఊపారు. ఎర్ర గుడ్డ కనబడితే ప్రమాదమని డ్రైవరు బ్రేకు వేశాడు. ఆయనది బెజవాడ.

"ఎందుకాపారమ్మా?" అన్నాడు బెదురుగా.

"రొట్టె తిని పోతవని ఆపినం బిడ్డా," అంది యాడి.

తిన్నాడు. ఉల్లిగడ్డ కూడా అడిగాడు.

ఎర్రావు ఈనిందా? యాడి సోమవారం వస్తుంది, మరిపెడకు బండి పంపు. నా గొంగడి ఎవరితోనైనా పంపించు. చెల్లె విజయకు దీవెనలు.

రైలెందుకు ఆగిందో గార్డు పుస్తకంలో రాయాలట. ఎవరి మీదికీ మాట రాకుండా "పట్టాల మీద గేదె" అని రాశాడు. ఇది మాత్రం యాడికి చెప్పకు.