షుగరు దిగింది, బస్సు రాలేదు

అక్కకు నమస్కారాలు. నా షుగరు గురించి బెంగపడకు, అదుపులోకి వచ్చింది. ఆ జబ్బు పేరు చెప్పి నన్ను డ్రైవరు సీటు నుంచి దింపేసి, డిపో గేటు దగ్గర కాపలాకు వేసిన నాటి నుంచి నోరు కట్టుకుని, ఒళ్ళు హూనమయ్యేలా నడిచాను. నిన్న రిపోర్టు చూసి డాక్టరు భుజం తట్టాడు. అది పట్టుకుని మేనేజరు దగ్గరికి పరుగెత్తాను.

“సంతోషమయ్యా! కానీ నీ బస్సు వేరేవాడికిచ్చేశాం. ఒంట్లో బాగుందిగా, గేటు దగ్గర ఎంతసేపైనా నిలబడగలవు” అన్నాడు.

సాయంత్రం ఆ కొత్త డ్రైవరు నా బస్సులో వచ్చి హారన్ కొడితే, పళ్ళు కొరుక్కుంటూ గేటు తీశాను.

బావ దగ్గు తగ్గిందా? నువ్వు బీపీ మాత్రలు మానకు. గేటు దగ్గర చలి ఎక్కువ, నా పాత స్వెటరు పంపు. పిల్లలకు దీవెనలు. ఈ కార్డు అమ్మకు చదివి వినిపించేటప్పుడు, డాక్టరు భుజం తట్టిన దగ్గర ఆపెయ్యి.

నీ తమ్ముడు