నీడలోకి జరిపిన కారు

చాండ్లర్,
అక్టోబరు 11.

అమ్మకి గౌరి నమస్కరించి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ నాన్నా తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుచుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఇన్ని కాగితాలేమిటని విసుక్కోకు.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలూ తమ్ముడి సాయం లేకుండా రాశావంటే సంబరంగా అనిపించింది. జీడి ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు వచ్చి సగం మందికి పని తగ్గిందన్నావు. నీ చేతుల నలుపు ఇకనైనా వదులుతుందని ఒక పక్క, నీ పని పోతుందేమోనని ఇంకో పక్క, రెండూ ఆలోచిస్తున్నాను.

నాతో ఉండే నీహారికకి పెళ్లి కుదిరిందా అని అడిగావు. లేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో వంక పెడుతోంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "మీ అమ్మనే ఒకణ్ణి చూడమను, నాతోని అయితలేదు" అంది. అన్నం సరిగా తింటున్నావా, చిక్కిపోయావు అన్నావు. తింటున్నాను. చిక్కిన మాట నిజమే గాని తిండి లేక కాదు.

ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. కారు పెట్టుకుని బస్సులో ఎందుకు తిరుగుతున్నావన్నావు. నవంబరులో నీ కంటి ఆపరేషన్‌కి వస్తానా రానా అన్నావు. రెండింటికీ జవాబు ఒకటే. మూడుసార్లు రాసి చించేశాను.

ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, పెద్ద పని ఒకటి పూర్తయిందని మా ఆఫీసు వాళ్లందరం హోటల్లో భోజనం చేశాం. అందరూ తాగారు. నేనూ తాగానమ్మా. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇక్కడికి వచ్చాక అప్పుడప్పుడూ తాగుతున్నాను. నీకు ఎప్పుడో చెప్పవలసిన మాట. రెండు గ్లాసులయ్యాక తల తేలిపోయినట్టుంది. కారు నడపకూడదనుకుని, వచ్చి తీసుకెళ్లమని నీహారికకి ఫోన్ చేశాను. ఆగస్టులో ఇక్కడ కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అది వచ్చేదాకా కారులో ఇంజను వేసి, ఏసీ పెట్టుకుని కూర్చున్నాను. కళ్లు మూతలు పడ్డాయి.

ఒక పోలీసు అద్దం తట్టాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది సార్. ఫ్రెండ్ కోసం చూస్తున్నాను."

"తాగారా?"

"కొంచెం."

"కారు నడిపారా?"

"లేదు సార్."

గొట్టంలో ఊదించాడు. అంకె హద్దు దాటింది. అందరూ చూస్తుండగా బేడీలు వేసి తీసుకెళ్లాడు. సాయంత్రం వదిలేశారు.

ఈ రాష్ట్రంలో నడిపితేనే నేరం కాదమ్మా. తాగి, ఇంజను వేసి డ్రైవరు సీట్లో కూర్చున్నా కేసు పెడతారు. వట్టి చల్లదనం కోసమే కూర్చుందని కోర్టు నమ్మితే వదిలేస్తుంది. నమ్మకపోతే మొదటిసారికే పది రోజుల జైలు. వాళ్లు చెప్పిన పరీక్షలూ క్లాసులూ పూర్తి చేస్తే తొమ్మిది రోజులు మాఫీ చేయవచ్చు, ఒక రోజు తప్పదు. జరిమానా ఉంటుంది. కారుకి ఒక యంత్రం బిగిస్తారు, ఊదితే గాని స్టార్ట్ కాదు. లైసెన్సు ఇప్పటికే ఆపేశారు, బస్సు అందుకే. అరెస్టయిన మూడో వారంలో నా వీసా రద్దు చేశామని మెయిల్ వచ్చింది. ఇక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు. దేశం దాటితే మాత్రం కొత్త వీసా కావాలి. కేసు కొట్టేస్తే అది దొరకడం కొంత సులువు. శిక్ష పడితే ఎప్పటికి ఇస్తారో, అసలిస్తారో లేదో.

మా లాయరు రజినిగారు చిన్నప్పుడే ఇక్కడికి వచ్చిన తెలుగావిడ. "గుడ్ కేస్ నీది. నువ్వు ఏసీ కోసం కూర్చుంది, అంతే. కార్ కదల్లేదు కదా?" అని అడిగారు. లేదన్నాను. పోలీసు వచ్చేసరికి తను రాకపోయినా, అప్పటికే వచ్చేశానని, కారు కదలడం చూడలేదని నీహారిక సాక్ష్యం చెబుతానంది. ఇదంతా మొన్నటి వరకూ.

అమ్మా, కారు కదిలింది.

ఎండ నేరుగా ముఖం మీద కొడుతోందని, పక్కనున్న సరుకుల కొట్టు వైపు గోడ నీడలోకి జరిపాను. ముప్పై అడుగులుంటుందేమో. వెనక్కి తీస్తుంటే ధనామని చప్పుడైంది. బ్రేకు తొక్కాను. చీర మీద బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ, సరుకుల బండి పట్టుకుని నా కారు వెనకే నిలబడి ఉంది. అరచేత్తో డిక్కీ మీద కొట్టింది. ఆవిడ నాకు అద్దంలో కనబడలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, నా బొట్టు చూసి కాబోలు, తెలుగులోనే, "చూసుకోవాలి కదమ్మా" అని వెళ్లిపోయింది. కోప్పడలేదు కూడా. సారీ చెబుదామంటే మత్తుకి నా నాలుక తడబడింది.

మొన్నటిదాకా ఆవిడ సంగతి ఎవరికీ తెలియదు. పోలీసుకి చెప్పలేదు, లాయరుకి చెప్పలేదు. కళ్లు మూసుకుంటే ఆ చప్పుడే.

సోమవారం రజినిగారికి చెప్పేశాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "అబద్ధమని తెలిసి ఇంక నిన్నూ నీ ఫ్రెండ్‌నీ విట్‌నెస్‌గా పిలవలేను. కానీ నువ్వు సైలెంట్‌గా ఉండొచ్చు, అది నీ రైట్. ప్రూవ్ చెయ్యాల్సింది వాళ్లు" అన్నారు. నేరం ఒప్పుకుంటానన్నాను. వారం టైమ్ తీసుకో అన్నారు. వద్దన్నాను.

నీహారిక మండిపడింది. "నీకేమన్న పిచ్చా? ఆమెకేం గాలేదు గదా! అమ్మ కంటి ఆపరేషన్ ఉంది, ఇంటికి పోవా నువ్వు?"

"నీ చేత అబద్ధం చెప్పించేదాకా వచ్చి ఎలా వెళ్లనే?"

"నేను చెప్తా అన్న, నువ్వు చెప్పించేదేంది?" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న మాత్రం నాకు టీ పెట్టి ఇచ్చింది.

ఆపరేషన్‌కి రాలేనమ్మా. తమ్ముణ్ణి సెలవు పెట్టమను. చుక్కల మందు పూటలు తప్పకుండా చూడమను. చదువుకున్న పిల్ల ఇలా చేసిందేమిటని వీధిలో ఎవరైనా అంటే, నిజమేనని ఊరుకో. నా తరఫున గొడవపడకు. నాన్నకి నువ్వే చెప్పు, నా వల్ల కావడం లేదు.

నవంబరు ఆరున కోర్టు. ఆ తర్వాత శనివారం పొద్దున్న జైలుకి వెళ్లి, ఆదివారం పొద్దున్న వచ్చేస్తానని రజినిగారు అనుకుంటున్నారు. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఆ రోజు ఎన్నిసార్లు చేసినా నేను ఎత్తను. కంగారుపడి ఎవరినీ వాకబు చెయ్యకు. నేనెక్కడున్నానో నీకు తెలుసు.

ఇట్లు,
నీ పెద్దపిల్ల
గౌరి