నవ్వించిన మాట

స్పీచ్ థెరపిస్ట్ దేవేందర్ గారికి, మేడ్చల్ నుంచి పద్మలత భర్త నమస్కరించి రాయునది.

మా ఆవిడ గొంతు పోయి నెలయింది. కెమెరా పెట్టి చూసిన డాక్టరు గొంతులో లోపమేమీ లేదనీ, మనసు నొచ్చి ఇలా అయిందనీ మీ దగ్గరకు పంపారు. మీరు దగ్గమన్నారు, నీళ్లు పుక్కిలించమన్నారు, తర్వాత ఏదో అన్నారు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే గొంతు వచ్చింది. తలుపు బయట కూర్చుని విన్నాను. పన్నెండేళ్ల కాపురంలో నా దగ్గర అట్లా నవ్వలేదు.

మీతో మాట్లాడుతోంది, ఇంట్లో మాత్రం చీటీలే. దయచేసి ఆమెను లేడీ డాక్టరుకు మార్చండి.

“సారుతోని మాట్లాడతవు, నాతోనెందుకు మాట్లాడవు?” అని నిన్న అడిగాను. చీటీ రాసిచ్చింది: “మా తమ్ముని పెండ్లిల అందరి ముందట నోరు మూస్కొమ్మన్నవ్. మూస్కున్న. ఇగ నీ ముందట తెరుసుకుంటలేదు.”

మార్చకపోయినా సరే. ఆమెను నవ్వించిన ఆ మాటేదో నాకూ చెప్పండి.