వెనక గేటు

అక్కా,

ఐదేళ్ళుగా నీకు రాసిన ఉత్తరాలన్నీ క్షేమ సమాచారాల దగ్గరే ఆగిపోయాయి. ఇవాళ మాత్రం గొప్పలు చెప్పుకోవడానికి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఊరి మధ్యలో వందేళ్ళనాటి చిన్న తోట ఒకటి నా చేతికొచ్చింది. దాన్ని బాగుచేస్తారట. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో సర్వేయరుగా నేనే తేల్చాలి. మూడు రోజులు టేపు పట్టుకుని అంగుళం వదలకుండా కొలిచాను. కట్టినవాడెవడో గానీ బొత్తిగా బుర్ర లేనివాడు. గేటు దాటగానే కొలను కాళ్ళకడ్డం పడుతుంది. రాతి బల్లలు ఐదూ వచ్చేవాళ్ళకి వీపు చూపిస్తాయి. ఇటుకల బాట వెడల్పుగా మొదలై, వంకర్లు తిరిగి, సన్నబడి, చివరికి తీగలు కమ్మిన గోడ దగ్గర ఆగిపోతుంది. కొలను పూడ్చి, బల్లలు పీకి, బాట తిన్నగా వెయ్యమని రిపోర్టు రాసేశాను. రేపు సంతకం పెడితే ఎల్లుండి మట్టి లారీలు వస్తాయి.

నువ్వేమంటావో తెలుసు. నా మొదటి డ్రాయింగు చూసి మనిద్దరం పనిచేసిన ఆఫీసులో అందరి ముందూ, "ఏ గేటు నుంచి వెళ్ళావే లోపలికి?" అన్నావు. అందరూ గొల్లుమన్నారు. టేపు పట్టుకోవడం నేర్పినదానివి, ఒక్క మంచి మాట అనలేకపోయావు. అది భరించలేకే బదిలీ చేయించుకున్నాను. ఈసారి నా దగ్గర జవాబుంది. ఈ తోటకి ఉన్నదే ఒక్క గేటు!

నీ మొండిఘటం


అక్కా,

నిన్నటి ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు.

వెనక గోడ ఎత్తు రాసుకోలేదని పొద్దున్నే తోటకి పరిగెత్తాను. అక్కడ తోటమాలి తీగలు కత్తిరిస్తున్నాడు. వాటి వెనక ఇనుప ఊచలు కనిపించాయి.

"ఇదేంటయ్యా?"

"గేటండీ. అసలు గేటు ఇదే. అటు బస్సుల రోడ్డు పడ్డాక గోడ కొట్టి ఇంకోటి పెట్టారు. దీనికి తాళం వేసింది మా నాన్నే."

అతను పాత తాళంచెవి వెతికి తెచ్చాడు. ఇద్దరం కుస్తీ పట్టి తెరిచాం. బయటికి వెళ్ళి, కొత్తదానిలా మళ్ళీ లోపలికొచ్చాను. ఒక్క మనిషి పట్టేంత సన్నటి బాట. మలుపు మలుపుకీ ఒక బల్ల, రా కూర్చో అన్నట్టు ఎదురుగా. మూడో మలుపులో నీళ్ళ చప్పుడు వినిపించింది గానీ నీళ్ళు కనబడలేదు. ఐదోది తిరిగేసరికి బాట విశాలమైపోయి, ఎదురుగా కొలను! అక్కడే నిలబడి ఏడ్చేశానక్కా. దీన్నా నేను పూడ్చమన్నది!

ఆ రోజు నవ్వినవాళ్ళలో నువ్వు లేవని అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు నా జవాబు కోసం చూస్తూ నిలబడ్డావు. నేనే చెప్పకుండా వచ్చేశాను.

రిపోర్టు చింపేశాను. "అంతా తేలిపోయిందని నిన్ననేగా అన్నారు?" అని ఆఫీసరు మండిపడ్డాడు. "తప్పు గేటులోంచి వెళ్ళానండీ," అన్నాను. ఇక్కడా అందరూ గొల్లుమన్నారు. ఈసారి నేనూ నవ్వాను. కొత్త రిపోర్టులో ఒక్కటే పని రాసి సంతకం పెట్టాను: పాత గేటు తెరవాలి. లారీలు రావు.

రెండు ఉత్తరాలూ ఒకే కవరులో పెడుతున్నాను, ఏ వైపు నుంచి చదువుతావో నీ ఇష్టం. ఆదివారం రా. వెనక గేటు బయట ఉంటాను. నువ్వొచ్చేదాకా లోపల అడుగు పెట్టను.

ఐదేళ్ళు ఆలస్యంగా జవాబు చెప్తున్న
నీ చెల్లెలు